మూడు ఊపిర్ల గోళం

గాజు కార్ఖానాలో ఆమెను అందరూ బూర అంటారు. గొట్టం నోట పెట్టి ఊదేటప్పుడు బుగ్గలు రెండూ నిమ్మకాయలు దాచుకున్నట్టు ఉబ్బుతాయి మరి. ఆ పేరు పెట్టింది మరిది. పెట్టినప్పుడు వెక్కిరింత, ఇప్పుడు అదే హోదా. సరుకు కొనడానికి వచ్చే కొత్తవాళ్ళు కూడా గుమ్మంలో నిలబడి, బూరగారున్నారా అని అడుగుతారు.

కార్ఖానా మామగారిది. పెద్దకొడుకు, అంటే బూర మొగుడు, సరుకు గడ్డిలో చుట్టి పెట్టెలకెత్తుతాడు. ఏ పొద్దున చూసినా జుట్టులో, చొక్కా జేబులో గడ్డి ఉంటుంది కాబట్టి అతనికి గడ్డివాము అని పేరొచ్చింది. చిన్నకొడుకు ఊదేవాడు. బూర కోడలిగా వచ్చిన కొత్తలో గాజుపెంకులు ఊడ్చేది, ఆ తర్వాత దీపం చిమ్నీల అంచులు నున్నగా అరగదీసేది. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు గొట్టం చివర కాస్త గాజు చుట్టుకుని ఊది చూసింది. వంకాయలా వంకరగా వచ్చింది. వెనకనుంచి మామగారు, గొట్టం తిప్పడం ఆపావు, అందుకే అన్నారు. తిట్టలేదు. మర్నాటి నుంచి చీపురు ఇంకొకరి చేతికి వెళ్ళింది.

ఇన్నేళ్ళుగా ఆమె రెండో ఊపిరి మనిషి. పెద్ద గోళం ఒక్కరి ఊపిరితో తెమలదు. మొదటి మనిషి ఊది పొంగిస్తే, దాన్ని మళ్ళీ పొయ్యిలో కాచి రెండో మనిషి అందుకుంటాడు, ఆపైన మూడో మనిషి. గోళం ఎవరిదయ్యా అంటే మొదటి ఊపిరి పోసినవాళ్ళదే. గోడ మందం, గుండ్రం, నిలకడ అన్నీ అక్కడే తేలిపోతాయి. మిగతా ఇద్దరూ పెంచుతారంతే.

గొట్టం ఒక నోటి నుంచి ఇంకో నోటికి పోయే ఆ క్షణంలో దాన్ని తుడవకూడదు. ఆలస్యమైతే గాజు వాలిపోతుందన్నది పైకి చెప్పే కారణం. అసలు కారణం వేరు. ఇంట్లో ఒకరు తాగిన గ్లాసు కడగనిదే ముట్టని మామగారు, కార్ఖానాలో గొట్టం తుడిచినవాణ్ణి మాత్రం క్షమించరు. పక్కవాడి నోరు ఎంగిలి అనుకున్నవాడు పక్కవాడి ఊపిరినేం నిలబెడతాడు అంటారు. కొలిమి దగ్గర ఎంగిలీ లేదు, రోగమూ లేదు. రాయి కరిగే వేడి అది. నిప్పుకు చెద పట్టదు కదా.

ఇలా ఉండగా రేవు నుంచి పని వచ్చింది. గట్టు చివరి దీపానికున్న గాజుగోళం గాలివానకు పగిలింది. అంతదే, అతుకు లేకుండా, ఒక్క గోళంగా కావాలి. మామగారి నాన్న ఊదిన గోళమది. నీళ్ళ కాగు కన్నా పెద్దది. మామగారు కాగితం చదివి, కళ్ళజోడు తీసి, ఆయాసం తీర్చుకుని, మొదటి ఊపిరి అమ్మాయిదన్నారు.

బూర ఆ పూట అన్నం తినలేదు. ఆకలి వేయలేదు, అంతే. అరచేతుల్లో ఎవరో చక్కిలిగింతలు పెట్టినట్టు ఉంది. మరిది మొహం ఒక్క క్షణం వాడింది, వెంటనే సర్దుకుని, వదినా, నీ బుగ్గలకి బీమా చేయించాలి అన్నాడు.

చిక్కల్లా రోజుతోనే. కొలిమి లోపలి ఇటుకలు అరిగిపోయాయి. ఈ ఒక్క విడత గాజు కరిగించి, గురువారం గోళం ఊది, ఆ వెంటనే కొలిమి ఆర్పేయాలి. మళ్ళీ వెలిగేసరికి నెలలు పడుతుంది. ఆ గురువారం ఎవరు గొట్టం ముందు నిలబడితే వాళ్ళదే గోళం.

రోజూ సాయంత్రం చిన్న గోళాలతో సాధన మొదలైంది. బూర ఊదేది, మరిది అందుకునేవాడు, చివర్లో మామగారు ఒక కొస ఊపిరి పోసేవారు. ఆయనకు మెట్లెక్కితేనే ఆయాసం. అయినా మూడో ఊపిరి ఆయనదే.

ఆ రోజుల్లోనే చిన్నది బడి నుంచి గొంతు పట్టుకుని వచ్చింది. చిన్నదంటే బూర కూతురు. బెంచీలో పక్కపిల్ల అప్పటికే రెండ్రోజులుగా రావడం లేదట. పొద్దున గెంతుతూ వెళ్ళిన పిల్లకి సాయంత్రానికి ఒళ్ళు కాలిపోతోంది. ఉమ్మి మింగమంటే కళ్ళనీళ్ళు. గడ్డివాము ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాడు. పుక్కిలించినంతసేపు హాయిగా ఉందంది, తర్వాత మామూలే. బూర దాన్ని స్కూటరెక్కించుకుని వీధి చివరి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ దగ్గుందా, ముక్కు కారుతోందా అని అడిగింది. రెండూ లేవు. అవి ఉంటే చాలావరకు వైరస్ అయి ఉంటుందట, దానికి యాంటీబయాటిక్ పనిచేయదట. లైటు వేసి చూస్తే గొంతు ఎర్రగా, టాన్సిల్స్ మీద తెల్లటి మచ్చలు. దవడ కింద గ్రంథులు రేగుకాయల్లా ఉన్నాయి. చూడగానే అనుమానమే తప్ప నిర్ధారణ కాదని, పొడుగాటి పుల్లకున్న దూదితో గొంతు లోపల తుడిచి అక్కడే పరీక్ష చేసింది. స్ట్రెప్ అనే బాక్టీరియా. అమాక్సిసిలిన్ రాసి, పది రోజులూ వాడాలని, రెండో రోజుకే నొప్పి పోయినా ఆపొద్దని రెండుసార్లు చెప్పింది. బూర తలూపింది. చెవులు మాత్రం కార్ఖానాలో ఉన్నాయి.

మందు పడిన మూడో రోజుకి చిన్నది గోడలెక్కింది. సరిగ్గా అప్పుడే మరిదికి గొంతు పట్టింది. ఒక్క గడ్డిపోచ పారేయని మనిషి గడ్డివాము. మిగిలిన మాత్రలు వృథాగా పడి ఉండటం చూడలేక తమ్ముడికి ఇచ్చేశాడు. పిల్లకి తగ్గింది, వాడికి వచ్చింది, మందు ఇంట్లోనే ఉంది. ఇంతకన్నా కలిసొచ్చే సంగతి ఏముంటుంది? మరిది రెండ్రోజులు మింగి, హాయిగా ఉందని మానేశాడు. సాధన ఆగలేదు.

మంగళవారం పొద్దున బూర లేచి గుటక వేసింది. గాజుపెంకు మింగినట్టయింది. ఒళ్ళంతా చలి. పక్కగదిలోంచి చిన్నది, అమ్మా, మళ్ళీ గొంతు అంటోంది.

గడ్డివాము తలుపు దగ్గరకేసి, ఎవరికీ చెప్పకు, రెండ్రోజులు ఓర్చుకో అన్నాడు. మాట తప్పేమీ కాదు అతని దృష్టిలో. భార్య ఎన్నేళ్ళ నుంచి ఎదురు చూస్తోందో దగ్గరుండి చూసినవాడు. బూర కూడా ఓర్చుకుందామనే అనుకుంది. కానీ ఊదడానికి బుగ్గలు పొంగించి చూసుకుంటే చెవుల్లోకి కత్తి దిగినట్టయింది. పిల్లను తీసుకెళ్ళే వంకతో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

"మందు మొత్తం వాడారా?" అంది డాక్టరమ్మ.

బూర నోరు తెరిచేలోపే చిన్నది అందుకుంది. "లేదు. బాబాయికిచ్చాం."

డాక్టరమ్మ కలం బల్ల మీద పెట్టింది. "రోగం పంచుకున్నారు, సరే. మందు కూడా పంచుకున్నారా? ఇద్దరికీ సగం సగం పెట్టి ఇద్దరిలోనూ దాన్ని బతికించారు కదమ్మా."

ఇద్దరి గొంతులూ తుడిచి చూసింది. ఇద్దరికీ అదే. ఇంట్లో ఒకే గ్లాసు, ఒకే చెంచా వాడతారా అని అడిగింది. దగ్గినా, మాట్లాడినా పడే తుంపరల్లో పోతుందట అది, ఎంగిలి సామాన్ల మీదా పోతుందట. బూరకు కోపమొచ్చింది. మా ఇంట్లో ఎంగిలి పట్టింపు ఎక్కువ, ఒకరి గ్లాసు ఒకరు ముట్టం అంది. అని, ఆగింది. గొట్టం గుర్తొచ్చింది.

చెప్పింది. చెప్పేటప్పుడే తన మాటలు తనకే విచిత్రంగా వినిపించాయి. డాక్టరమ్మ నవ్వలేదు. ఆ గొట్టంలో వేడిగా ఉండేదెక్కడ, మీరు నోరు పెట్టేదెక్కడ అని మాత్రం అడిగింది. ఆ తర్వాత, ఆ గొట్టానికి ఇంకెవరు నోరు పెడతారంది.

మామగారి సంగతి వచ్చింది. ఆయాసం సంగతి వచ్చింది. చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చి తగ్గాక, మోకాళ్ళు, మోచేతులు ఒకదాని తర్వాత ఒకటి వాచి, నెలల తరబడి మంచాన ఉన్నారని అత్తగారు చెప్పిన మాట బూర ఏదో కబురులా చెప్పింది. డాక్టరమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. వైద్యం చేయని స్ట్రెప్ అరుదుగా అలా కీళ్ళ మీదికి పోతుందట. కీళ్ళు బాగుపడతాయి, కానీ అది గుండె కవాటాలను కొరికి పోగలదట. ఆయనకు జరిగిందదేనని చూడకుండా చెప్పలేనంది. అదే అయితే, మళ్ళీ ఆ రోగం తగిలితే ఆ గుండెకు ఇంకా నష్టం. ఆయన్ను ఒకసారి చూపించండి, ఈలోగా ఆ గొట్టానికి దూరంగా ఉంచండి అంది.

"మరి నేను? గురువారం?" అంది బూర.

"ఈరోజే మందు మొదలుపెట్టు. ఒక రోజంతా పడి, జ్వరం లేకపోతే నీ నుంచి అంటే భయం చాలావరకు పోతుంది. జ్వరం ఉంటే మాత్రం వెళ్ళకు. పది రోజులూ ఎవరి మాత్రలు వాళ్ళే మింగాలి. ఆ గొట్టం సంగతి నువ్వే తేల్చుకోవాలి."

మామగారు తన బల్ల మీద కూర్చుని, తడి చెక్క దోనెను ముందున్న వెలుతురులో తిప్పి చూసుకుంటున్నారు. కరిగిన గాజును అందులో దొర్లించే గుండ్రం చేస్తారు. బూర మూతికి గుడ్డ కట్టుకుని దూరంగా నిలబడి అంతా చెప్పింది. మందు పంచిన సంగతి, తన జ్వరం, గొట్టం. ఆయన ఏమీ పట్టనట్టు విన్నారు.

"నిప్పుకు చెద పట్టదమ్మాయ్."

"నిప్పు ఆ చివర ఉంది మామయ్యా. మనం ఈ చివర ఉన్నాం."

ఆయన చేతిలో దోనె ఆగింది. మా నాన్న, వాళ్ళ నాన్న ఇదే గొట్టం పంచుకున్నారన్నారు. అవునంది బూర. మీకు చిన్నప్పుడు గొంతునొప్పి ఎక్కడ వచ్చిందో ఎవరైనా అడిగారా అంది. అడిగాక, అనకూడని మాట అన్నానేమో అనిపించింది. ఆయన మోకాలి మీద చెయ్యి పెట్టుకున్నారు.

"గొట్టం తుడిచే మనిషికి మొదటి ఊపిరి ఇవ్వను," అన్నారు చివరికి. దోనె బల్ల కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

బూర ఇంటికొచ్చి మాత్ర వేసుకుని, దుప్పటి కప్పుకుని పడుకుంది. ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా గొంతు కావాలి.

ఆమె లేచేసరికి మరిది మంచం పక్కన, దూరంగా, పీట మీద కూర్చుని ఉన్నాడు. మొహం పీక్కుపోయింది. రెండ్రోజుల నుంచి తనకూ నొప్పి తిరగబెట్టిందని, చెబితే రెండో ఊపిరి కూడా పోతుందని దాచానని ఒప్పుకున్నాడు. డాక్టరమ్మ దగ్గరికి పోయి తనకంటూ మాత్రలు తెచ్చుకున్నాడు. ఆ వెంటనే ఇంకో చోటికీ పోయాడు. జేబులోంచి రెండు ఇత్తడి ముక్కలు తీసి దుప్పటి మీద పెట్టాడు. వేలెడంత పొడుగు, లోపల బోలు, ఒక చివర గొట్టం మూతికి తొడుక్కునేలా ఉంది. లేత్ మిషను ఆయన పక్కనే నిలబడి చేయించాడట.

"తుడవొద్దన్నాడు నాన్న. మూతి మార్చొద్దనలేదుగా?"

బూర ముక్క చేతిలోకి తీసుకుంది. ఇంకా లేత్ వేడి ఉన్నట్టే అనిపించింది, జ్వరం వల్లనేమో.

"నేను లేకపోతే మొదటి ఊపిరి నీదే కదయ్యా," అంది.

"నాదే. ఊదేవాణ్ణే. పదిమందీ, బూర ఉంటే ఇంకా గుండ్రంగా వచ్చేదిరా అంటుంటే నేను వినలేను." లేచి గుమ్మం దగ్గర ఆగాడు. "పైగా నీ వంకాయలు నేను ఊదలేను వదినా."

బుధవారం జ్వరం దిగింది. ఒక పూట ఆగి, మధ్యాహ్నం నుంచి పెరట్లో చల్లటి గొట్టంతో సాధన మొదలుపెట్టారు. బూర తన ఇత్తడి మూతి లాగేయాలి, మరిది తనది తొడగాలి, ఈ లోపల గొట్టం ఒక్క క్షణం కూడా తిరగడం ఆగకూడదు. గొట్టం చివర వేలాడే బరువు కోసం గడ్డివాము ఒక బక్కెట్టు వదులుగా కట్టి నీళ్ళు పోశాడు. తిప్పడం ఆగి గొట్టం ఎక్కడ కుదిలితే అక్కడ నీళ్ళు అతని కాళ్ళ మీద పడేవి. మొదటిసారి మోకాళ్ళ దాకా తడిశాడు. చిన్నది ఎగిరి గంతులేసింది. మందు పంచినందుకు నాన్నకి దేవుడు స్నానం చేయిస్తున్నాడంది.

మరిది ఇత్తడి మూతి జారి మట్టిలో పడింది. మళ్ళీ. బూర లాగేటప్పుడు ఇత్తడి పట్టేసింది. మళ్ళీ. గడ్డివాము చొక్కా కూడా తడిసింది. ఎక్కడో ఒక చోట చేతులకి లెక్క తెలిసింది. ఆమె మణికట్టు ఇలా వంగితే అతని బొటనవేలు అలా వచ్చేస్తోంది. బక్కెట్టులో నీళ్ళు అంచు దాటలేదు. బూరకు ఒళ్ళు పులకరించింది. మళ్ళీ చేద్దాం అంది. మళ్ళీ చేశారు. నీళ్ళు కదిలాయి గానీ ఒలకలేదు.

"చిన్నవాడి మణికట్టు తప్పు," అని కిటికీలోంచి వినిపించింది.

అందరూ అటు చూశారు. మామగారు ఎంతసేపటి నుంచి అక్కడున్నారో తెలీదు.

"చూస్తారేంట్రా? తిప్పడం ఆపొద్దు. కింద నుంచి పట్టమను వాణ్ణి."

గురువారం పొద్దున బూర ఒళ్ళు చల్లగా ఉంది. గొంతు మంట ఉంది గానీ పెంకు లేదు. మాత్ర వేసుకుని, చిన్నదానికీ వేసి, కార్ఖానాకి వెళ్ళింది. కొలిమి నోరు తెరిచి ఉంది. లోపల గాజు చూపు నిలవనంత తెల్లగా ఉంది. మామగారు తన బల్ల దగ్గర తడి కాగితాల మడత అరచేతిలో పెట్టుకుని సిద్ధంగా కూర్చున్నారు. గోళాన్ని బయటి నుంచి అద్దడానికి అది. గొట్టం వైపు చెయ్యి చాపలేదు. మూడో ఊపిరి ఎవరిదని మరిది అడిగితే, అమ్మాయిదే, ఇంకెవరిది అన్నారు, విసుగ్గా.

బూర గొట్టం ముంచి గాజు చుట్టుకుంది. చల్లార్చి మళ్ళీ చుట్టుకుంది. ఇంకోసారి. బరువు భుజాల్లోంచి నడుముకు దిగింది. దోనెలో దొర్లిస్తుంటే ఆవిరి చుయ్యిమంది. ఇత్తడి మూతికి పెదవులు ఆనించి మొదటి ఊపిరి పోసింది.

గాజు ఊపిరిని తీసుకుంది. అది చూసేవాళ్ళకి తెలిసేది కాదు, ఊదేవాళ్ళకే తెలుస్తుంది. ఎదురు తన్నినట్టు తన్ని, ఒక్కసారిగా సరే అంటుంది. బుగ్గలు పొంగాయి, చెవుల్లో గుయ్యిమంది, గొంతు మండింది, అయినా వదల్లేదు. తిప్పుతూనే ఉంది. మామగారి కాగితం కింద నిప్పుపువ్వులు రాలాయి. నెమ్మది, నెమ్మది, ఇప్పుడు నిండుగా అంటూ ఆయన మాట వస్తూనే ఉంది. గోళం బత్తాయి అంతయింది, గుమ్మడికాయ అంతయింది.

పొయ్యిలో కాచి తీయగానే మణికట్టు వంచింది. మరిది బొటనవేలు వచ్చేసింది. ఇత్తడి ఊడింది, ఇత్తడి తొడుక్కుంది, గోళం వణకలేదు. వెనకాల గడ్డివాము ఊపిరి బిగపట్టిన చప్పుడు వినిపించింది. మరిది ఊదాడు, బాగా ఊదాడు. కింద నుంచి పట్టి ఊదాడు.

మూడో ఊపిరికి గొట్టం, తన ఇత్తడి మూతితో, మళ్ళీ ఆమెకు వచ్చింది. గోళం అప్పటికి కొలబద్దకు అరచెయ్యి తక్కువలో ఉంది. బూర కళ్ళు మూసుకుని ఊదింది. మామగారి గొంతు ఒక్కటే వినిపిస్తోంది. ఇంకొంచెం. ఇంకొంచెం. ఊపిరి అయిపోయింది, అయినా ఎక్కడో అడుగున ఇంకాస్త ఉంది, అదీ ఇచ్చింది.

"చాలు."

కళ్ళు తెరిచింది. నారింజరంగు చంద్రుడొకడు గొట్టం చివర తిరుగుతున్నాడు. మరిది కొలబద్ద ఆనించి, దాన్ని అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. సరిగ్గా సరిపోయింది. గడ్డివాము మందపాటి చేతితొడుగులతో గోళాన్ని అందుకుని చల్లార్చే పొయ్యిలోకి చేర్చాడు. ఆ కొద్ది దూరమూ అంత మెల్లగా నడవడం అతని పెళ్ళిలో కూడా ఎవరూ చూడలేదు.

లోపల నిదానంగా చల్లారాలి, తొందరపడితే చీలుతుంది. పొయ్యి తెరిచే రోజున మామగారే ముందు తల దూర్చారు. గోటితో మీటారు. ఖంగుమన్న మోత చాలాసేపు నిలిచింది. చుట్టూ తిరిగి చూశారు, కింద చూశారు, వెలుతురుకు పట్టి చూశారు. గీత లేదు, బుడగ లేదు. ఆయన చొక్కా గుండీలు పెట్టుకున్నారు.

"అమ్మాయ్, స్కూటర్ తియ్యి. ఆ డాక్టరమ్మ ఎవరో చూద్దాం."

దారి పొడుగునా నెమ్మదిగా పొమ్మని అరుస్తూనే ఉన్నారు. బూరకు నెమ్మదిగా పోవడం చేతకాలేదు. క్లినిక్ బెంచీ మీద పక్కన కూర్చున్న ముసలాయనకు గోళం ఎంతుందో చేతులు చాపి చూపించారు. చేతులు చాలక, ఇంకా పెద్దదండీ అన్నారు. లోపలికి పిలిచాక డాక్టరమ్మకు కూడా మొదలుపెట్టారు. ఆమె స్టెతస్కోపు ఆయన ఛాతీ మీద పెట్టి, మాట్లాడకండి, గుండె వినాలి అంది.

ఆయన నోరు మూసుకున్నారు. ఒక్క క్షణమే. తర్వాత బూర వైపు తల తిప్పి, తన గొంతు తగ్గించి అన్నారు.

"నువ్వు చెప్పమ్మాయ్. మొదటి ఊపిరి దగ్గర్నుంచి చెప్పు."